పైన వాళ్ళది, కింద మాది

మా బాయిలో యూనియన్ రెండుగా చీలిననాడు మా పక్షాన మూడు వేల మంది ఉన్నారని చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను. మనవల దగ్గర ఆ సంఖ్య నాలుగు వేలకు కూడా పెరిగింది. అసలు మూడు షిఫ్టులూ కలిపినా మా బాయిలో అంతమంది లేరు. గోదావరిఖనిలో మేం బొగ్గుగనిని బాయి అంటాం. బాయి దిగేవాడు ఒక్కొక్కడూ పదిమంది పెట్టు అని మా నమ్మకం. ఆ లెక్కన చెప్పి ఉంటాను.

అది ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం. ఏళ్ళ తరబడి ఒకే జెండా మోసిన ఇద్దరు లీడర్లు ఇక ఒకరి మొహం ఒకరు చూసేది లేదన్నారు. ఎందుకు చీలారని ఎవరన్నా అడిగితే మేం గంభీరంగా ‘సిద్ధాంతం’ అనేవాళ్ళం. వేదిక మీద నడిమి కుర్చీ దగ్గర చెడిందని మా అందరికీ తెలుసు. ఆ ఇద్దరిలో ఒకాయన పూర్వం ఆఫీసు గుమాస్తా, ఇంకొకాయన తట్టా పారా పట్టి బొగ్గు నింపినవాడు. అందుకని బాయి అడ్డంగా చీలింది. భూమికి పైన పని చేసేవాళ్ళంతా అటు, కింద పని చేసేవాళ్ళంతా ఇటు. నేను కింద.

యుద్ధం మొదట్లో ఎవరి దగ్గర ఏముందో చెప్పాలంటే ముందు వాళ్ళదే చెప్పాలి, ఎందుకంటే వాళ్ళ దగ్గరే ఎక్కువ ఉంది. బాయి దిగేవాళ్ళకు టోపీ లైట్లు ఇచ్చే గది వాళ్ళది. బొగ్గు టబ్బులను పైకి గుంజే తాడు ఇంజను వాళ్ళది. హాజరు వేసే కిటికీ, క్యాంటీన్లో వేడి పూరీ, మైకు, మైకు పెట్టే రిక్షా అన్నీ వాళ్ళవే. కరపత్రం రాయగలిగినవాళ్ళూ వాళ్ళే. మా కరపత్రం కూడా మొదట్లో వాళ్ళలో ఒకడే రాసిపెట్టాడు, ఛాయ తాగించుకుని.

మా దగ్గర బొగ్గుంది. మేం తట్ట కింద పెడితే ఆ ఇంజను ఉత్త తాడు గుంజుకోవాలి. మా దగ్గర గొంతులున్నాయి. డ్రిల్లు మోత మీద అరిచి అరిచి మాలో ఎవడికీ మెల్లగా మాట్లాడటం రాదు, మైకుతో పని లేదు.

ఇక లోపాలు. వాళ్ళలో ఎక్కువమంది పగటి డ్యూటీవాళ్ళు. సాయంత్రం కాగానే యుద్ధం ఆపి సంచి పట్టుకుని కూరగాయలకు పోయేవాళ్ళు. పదిమంది కూడితే అందులో ఎనిమిదిమంది లీడర్లు. అన్నిటికంటే పెద్ద లోపం, బాయికి పైన కూర్చుని బాయి గురించి మాట్లాడేవాళ్ళలో ఏళ్ళ తరబడి ఒక్కడూ కిందికి దిగలేదు.

మా లోపం ఇంకా పెద్దది. మూడు షిఫ్టుల సైన్యం ఎన్నడూ ఒక్కచోట నిలబడదు. ఏ వేళ పిలిచినా మూడో వంతు కింద డ్యూటీలో ఉండేది, మూడో వంతు రాత్రి షిఫ్టు చేసొచ్చి నిద్రలో ఉండేది, మిగిలిన మూడో వంతు కల్లు దగ్గర ఉండేది. మా మొదటి బహిరంగ సభకు జనం పోటెత్తారని రాయాలని ఉంది. నలభై మంది వచ్చారు. అందులో కొందరు అవతలివాళ్ళు, వేడుక చూద్దామని వచ్చినవాళ్ళు. పైగా మేం ఎంత మొనగాళ్ళమైనా బాయిలోకి వెలుతురు లేకుండా పోలేం కదా. ఆ వెలుతురు రోజూ శత్రువు చేతిలోంచే అందుకోవాలి.

ఆ చెయ్యి మా బామ్మర్దిది.

నా భార్యకు తమ్ముడు. మంచిర్యాల దగ్గరి జైపూర్ అవతల పల్లె నుంచి ట్రంకుపెట్టెతో వచ్చి మా రెండు గదుల క్వార్టర్లో మూడేళ్ళు ఉన్నాడు. నేనే ఆఫీసుల చుట్టూ తిరిగి ఉద్యోగం పెట్టించానని చెప్తుంటాను. తిరిగిన మాట నిజం. ఉద్యోగం మాత్రం వాడి పదో తరగతికి వచ్చింది. అయినా ఆ మూడేళ్ళ అన్నం నాదే. వాణ్ణి లైట్ల గదిలో వేశారు. షిఫ్టు దిగినవాళ్ళ లైట్లు తీసుకుని బ్యాటరీలు ఛార్జింగుకు పెట్టడం, ఎక్కేవాళ్ళకు నంబరు చూసి కిటికీలోంచి ఇవ్వడం వాడి పని. బ్యాటరీ నడుముకు కట్టుకుంటాం, బల్బు టోపీకి తగిలించుకుంటాం. ఎవడి లైటు వాడిదే. ఛార్జింగు సరిగ్గా ఎక్కిన లైటు షిఫ్టంతా తెల్లగా వెలుగుతుంది. ఎక్కనిది పచ్చబడి, ఎర్రబడి, చచ్చిపోతుంది.

యూనియన్ చీలిన వారంలోనే కింద నా లైటు చచ్చిపోయింది.

గడ్డపార లాంటి సబ్బలు మరిచిపోయి ఒక్కణ్ణే పాత గ్యాలరీ సొరంగంలోకి వెనక్కి పోయాను. అది చేతికందిందో లేదో, బల్బు ఎర్రబడి ఆరిపోయింది. బాయి చీకటి రాత్రి చీకటి లాంటిది కాదు. కంటి ముందు చెయ్యి ఊపితే చెయ్యి ఉండదు. కాసేపటికి కళ్ళు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో వేలితో తడిమి చూసుకోవాలి. కదిలితే ఏ గుంతలో పడతామో తెలియదు కనుక కదలకూడదు, ఎవరో ఒకరు వచ్చేదాకా కూర్చోవాలి. సగం రోజు కూర్చున్నానని, పాటలు పాడుకుంటూ కూర్చున్నానని అందరికీ చెప్పాను. గంటో గంటన్నరో అయి ఉంటుంది. పాట పాడలేదు. చచ్చిపోయిన మా అవ్వను పిలిచాను, చాలాసార్లు. చివరికి కాక నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కాక అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే ముసలాయన, మా జట్టుకు పెద్ద.

పైకి రాగానే లైట్ల గది కిటికీ దగ్గరికి పోయాను. కింది చీకట్లో మాదే రాజ్యమని మేం చీలిన రోజు నుంచి గోడల మీద రాస్తున్నాం. ఆ కిటికీ పక్క గోడ మీద కూడా రాశాం.

“ఏందిర ఇది?”

“బ్యాటరీ పాతది బావా.”

“నిన్నటిదాక మంచిగున్న బ్యాటరీ ఒక్క రాత్రిల ముసల్దైందా?”

“నాకేం తెల్సు? కంప్లెయింటు రాసియ్యి.”

వాడి వెనక నిలబడ్డ నలుగురిలో ఒకడు మా గోడ రాత వైపు చూపించాడు. “చీకటి మీదే అని రాస్కున్నరు గదనే! ఉండున్రి చీకట్లనే!”

నలుగురూ నవ్వారు. మా బామ్మర్ది నవ్వలేదు, తల కూడా ఎత్తలేదు. ఆ తల ఎత్తకపోవడమే నాకు సాక్ష్యం.

ఆ రోజు అన్నం సహించలేదని రాయబోయాను. సహించింది, రెండు ముద్దలు ఎక్కువే పోయింది. కోపం వస్తే నాకు ఆకలెక్కువ.

“నీ తమ్ముడు నన్ను సంపబోయిండు,” అన్నాను నా భార్యతో.

“ఛార్జింగు పెట్టుడు మర్చిపోయి ఉంటడు.”

“మర్చిపోలే. కావాలని ఇచ్చిండు.”

“వాడే చెప్పిండా?”

“చెప్పిస్త. వాని నోటితోనే చెప్పిస్త.”

“చెప్పించినంక?”

కంచంలో చెయ్యి కడిగాను. నాకు కావలసిందేమిటో ఆ పూటే తేలిపోయింది. ఈ యుద్ధంలో ఎవరు గెలిచినా సరే, వాడు “కావాలనే ఇచ్చిన” అనాలి. నేను కూర్చున్న చీకట్లో కూర్చుని అనాలి.

తర్వాత కూడా వాడు నాకు అదే లైటు ఇస్తూ వచ్చాడు. అది పచ్చబడే వేళకు నేను కాక పక్కన చేరి ఆయన వెలుతురులో పని చేసేవాణ్ణి. నా నీడ తన మీద పడుతోందని ముసలాయన విసుక్కునేవాడు. ఒకరోజు విసుగు ముదిరి అసలు మాట అన్నాడు.

“వాన్ని కొట్టుడెందుకు, తిట్టుడెందుకు? ఒక్కసారి బాయి దింపు, చాలు.”

వాళ్ళ లీడరు మా బామ్మర్దిని మా బాయి కార్యదర్శిగా నిలబెడతాడని అప్పటికే అందరికీ తెలుసు. మా వాళ్ళకు ఒక్క వాక్యం నేర్పాం. లైటు అందుకునేటప్పుడు ప్రతివాడూ కిటికీలోకి వంగి ఆ వాక్యం అని పోవాలి. అంతకు మించి ఒక్క మాట వద్దు, బూతు అసలే వద్దు.

“బాయి దిగనోడు బాయికి లీడరా?”

మా సైన్యానికి ఏది లోపమో అదే ఇక్కడ అక్కరకొచ్చింది. ఒక్కచోట కూడలేని మూడు షిఫ్టుల జనం పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వరుసలో వచ్చి అదే మాట అని పోయేవాళ్ళు. కొందరు మర్యాదగా అనేవాళ్ళు. ఒకడు దగ్గి అనేవాడు. ఒక నత్తివాడు ఉండేవాడు, వాడు అనడం పూర్తయ్యేదాకా వరుసంతా ఓపిగ్గా ఆగేది. నెల రోజులు తట్టుకున్నాడని చెప్తాను. వారం కూడా తట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం ఇనుప కిటికీ దబాలున కొట్టి అరిచాడు.

“రేపు ఫస్టు షిఫ్టుల దిగుత! ఏం చూపిస్తరో చూపియ్యిన్రి!”

ఆ సాయంత్రం కల్లు దగ్గర కాక నన్ను పక్కకు పిలిచాడు.

“నువ్వే పట్కపోవాలె.”

“నేనెందుకు కాకా? ఇంకెవలన్న...”

“వాడు నీ బామ్మర్ది. వాని అక్క నీ ఇంట్ల ఉన్నది. నువ్వు ఎటుదిక్కో మనోళ్ళకు ఇంక అనుమానమే. గిది చెయ్యి, తెలుస్తది.”

పగ నాది. చీకట్లో కూర్చున్నవాణ్ణి నేను. అయినా నా వాళ్ళ ముందు నేనే పరీక్ష రాయాలి. కల్లు చేదైంది. వదిలేశానని కాదు, తాగాను.

మర్నాడు పొద్దున్నే కిటికీ ముందు రెండు పక్షాల వాళ్ళూ గుమిగూడారు. మా బామ్మర్ది కొత్త టోపీ, కొత్త బూట్లు వేసుకుని వచ్చాడు. నడుముకు గదిలోకెల్లా మంచి బ్యాటరీ కట్టుకున్నాడు, బల్బు పట్టపగలు కూడా కళ్ళు చెదరగొడుతోంది. నా నంబరు లైటు నాకు ఇచ్చాడు. నేను తీసుకోలేదు.

“ఈ లైటు మంచిదేనా?”

“మంచిదే.”

“అయితే నువ్వు పెట్టుకో. నీది నాకియ్యి.”

ఇవ్వనంటే నా లైటు చెడ్డదని తానే ఒప్పుకున్నట్టు. ఇస్తే దాంతోనే దిగాలి. తాడు ఇంజను నడిపే వాళ్ళ మనిషి వెనక నుంచి “మత్ దే రే, మత్ దే!” అని అరిచాడు. వద్దంటున్నాడని ఉర్దూ రానివాడికి కూడా తెలిసింది. తెలిసింది కనుకే ఇక ఇవ్వక తప్పలేదు. మా బామ్మర్ది నా కళ్ళలోకి చూస్తూ నడుము పట్టా విప్పాడు.

“ఇంద బావా.”

కింద వాడికి బాయి మొత్తం చూపించాం. కాక ముందు, వాడు నడుమ, నేను వెనక. పని జరిగే ప్రతిచోటా మా వాళ్ళు తట్టలు దించి, వరుసగా నిలబడి, “దండాలు లీడరు సాబ్!” అని నెత్తికి చెయ్యి పెట్టారు. వాడు కూడా చెయ్యెత్తబోయి వంగడం మరిచి పైకప్పు దుంగకు టోపీ కొట్టుకున్నాడు. రెండోచోట కూడా కొట్టుకున్నాడు.

“ఇంకెంత దూరం బావా?”

“గింతల్నే అయిపోతదా? లీడరువి, అంతా చూడాలె.”

అప్పటికే వాడి లైటు పచ్చబడింది. చేత్తో తట్టి చూసుకున్నాడు. లైట్ల గదిలో ఏళ్ళ తరబడి పని చేసినవాడికి అది ఇంకెంతసేపు బతుకుతుందో మాకంటే బాగా తెలుసు. అయినా వెనక్కి పోదామని అనలేదు. మా ముందు అనలేకపోయాడు.

పని ముగిసిన పాత గ్యాలరీకి చేరాం. పైన దుంగలు గట్టిగానే ఉన్నాయని కాక సబ్బలుతో కొట్టి చూసి, “నీళ్ళు తాగొస్త” అని పోయాడు. మా బామ్మర్ది బల్బు ఎర్రబడింది, బీడీ కొసంత అయింది, ఆరింది. వాడు వెనక్కి తిరిగేలోగా నేను బొగ్గు స్తంభం మలుపు దాటి నా లైటు ఆర్పేశాను.

సగం షిఫ్టు వాణ్ణి అట్లాగే ఉంచానని చెప్పుకుంటాను. కుండెడు అన్నం ఉడికేంతసేపు కూడా ఉంచలేదు.

“కాకా!” అని పిలిచాడు. తర్వాత, “బావా!”

నేను పలకలేదు.

“నువ్వు ఈడనే ఉన్నవు. నీ పిల్లికూతల ఊపిరి నాకు తెల్వదా? మూడేండ్లు ఒక్క అర్రల పండుకున్న.”

“ఉన్న,” అన్నాను. “ఒక్క మాట చెప్పు, లైటు వేస్త. ఆనాడు కావాలని ఇచ్చినవా, లేదా?”

“ఇయ్యలే.”

ఎక్కడో నీటి చుక్క పడుతోంది. ఏదో చిన్నది, ఎలుకో ఏమో, నా బూటు మీంచి పోయింది.

“బ్యాటరీ పాతది బావా, అక్క మీద ఒట్టు...” అని ఆగిపోయాడు. పూర్తి చెయ్యలేకపోయాడు. అంతలో దూరంగా ఎక్కడో పైకప్పు దుంగ కిర్రుమంది. అట్లాంటి చప్పుళ్ళు బాయిలో రోజంతా ఉంటాయి. వాడికి ఆ సంగతి తెలియదు.

“ఇచ్చిన!” అన్నాడు. “కావాలనే ఇచ్చిన. ఛార్జింగు నుంచి నడిమిట్ల తీసి ఇచ్చిన. వెయ్యి బావా లైటు.”

ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసిన మాట అదే. అక్కడితో లైటు వేసి ఉంటే నా పగ ఏ మచ్చా లేకుండా ఉండేది. నోరు ఊరుకోక, “ఎందుకు?” అని అడిగాను.

“మావోళ్ళు నన్ను నమ్ముతలేరు. వాళ్ళింట్ల తిన్నోనివి, వాళ్ళ మనిషివే అన్నరు. మొట్టమొదట మీ బావకే ఇయ్యి, అప్పుడు నమ్ముతం అన్నరు.” ఆ వెంటనే, “నిన్నెవలు పంపిన్రు?” అన్నాడు.

“ఎవ్వలూ పంపలే. పగ నాది.”

“నువ్వే ఎందుకచ్చినవు మరి? కొట్టేటోళ్ళు మీకు తక్కువున్నరా?”

“నన్ను గూడ నమ్ముతలేరు,” అన్నాను.

లైటు వెంటనే వేయలేదు. మీట మీద వేలు పెట్టుకుని ఇంకా కాసేపు కూర్చున్నాను. అది తప్పని రాయడం లేదు. కారణం తెలిసినంత మాత్రాన నేను కూర్చున్న చీకటి తగ్గదు. ఆ కాసేపూ వాడి మీద నేను వేసిన వడ్డీ.

వేశాక చూస్తే, చచ్చిన బ్యాటరీని రెండు చేతులతో పొట్టకు హత్తుకుని కూర్చున్నాడు. బొగ్గు మసి మొహం మీద రెండు తెల్లటి చారలు. నా మొహం మీద కూడా ఉన్నాయని కాక పైకి వచ్చాక చెప్పాడు. చెమట అని చెప్పాను.

పైన మా వాళ్ళంతా కాచుకుని ఉన్నారు. “చెప్పిండా?” అన్నారు. “చెప్పిండు! కావాలనే ఇచ్చిండంట!” అని తాడు ఇంజను దాకా వినబడేట్టు అరిచాను. ఎందుకిచ్చాడో చెప్పలేదు. అది చెబితే నన్నెందుకు పంపారో కూడా చెప్పాలి. వాడి వాళ్ళు వాణ్ణి ద్రోహి అన్నారు, ఇచ్చినందుకు కాదు, ఒప్పుకున్నందుకు. కార్యదర్శి పదవికి ఇంకొకణ్ణి నిలబెట్టారు. నా భార్య ఆ పూట అన్నం పెడుతూ అడిగింది.

“చెప్పించినవా?”

“చెప్పించిన.”

“కడుపు నిండిందా?”

“నిండింది,” అన్నాను. నిజంగానే నిండింది. తర్వాత నెల రోజులు ఆమె నాతో మాట్లాడలేదు, వాడితో కూడా మాట్లాడలేదు. కిటికీలో నా లైటు మాత్రం ఆనాటి నుంచి బాయిలోకెల్లా తెల్లగా వెలిగేది. అందిస్తూ వాడు తల ఎత్తేవాడు కాదు. నేను దండం పెట్టేవాణ్ణి కాదు.

వానాకాలం మధ్యలో ఒక ఆదివారం సభ ఉందని వాళ్ళ మైకూ మా గొంతులూ ఒకేసారి చెప్పాయి. పోయి చూస్తే వేదిక మీద నడుమ రెండు కుర్చీలు, పక్కపక్కనే, ఒకే ఎత్తువి. ఇద్దరు లీడర్లు ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకున్నారు. “అన్నదమ్ముల నడుమ చిన్న అపార్థం వచ్చింది, పోయింది,” అన్నాడొకాయన. రెండో ఆయన ఆయన్ని కౌగిలించుకున్నాడు. కింద బురదలో నిలబడి మేమంతా చప్పట్లు కొట్టాం. నేను కొట్టలేదని చెప్తుంటాను. కొట్టాను, అందరూ కొడుతున్నారు కనుక. లడ్లు పంచారు. నా లడ్డు వేదిక మీదికి విసిరానని మంచిర్యాలలో కూడా చెప్పుకున్నారట. ఆ పుకారు పుట్టించింది నేనే. లడ్డు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఆ చప్పట్ల మధ్యలో ఎవరో నా పక్కన వచ్చి నిలబడ్డారు. మా బామ్మర్ది. ఇద్దరం వేదిక వైపే చూస్తున్నాం.

“బావా,” అన్నాడు మెల్లగా, “ఈ ఇద్దర్ని ఒక్కసారి కిందికి పట్కపోదమా?”

“లైట్లెవలిస్తరు?”

“నేనిస్త.”

“పాత గ్యాలరీకా?”

“ఇంకా అవతలికి.”

పట్టుకుపోయామని, రెండు షిఫ్టులు కూర్చోబెట్టామని, నడిమి కుర్చీ ఎవరిదో చీకట్లో తేల్చుకోమన్నామని ఒక కథ నా దగ్గర ఉంది. అడిగినవాళ్ళకు చెప్తుంటాను, మంచి కథ. కానీ వాళ్ళు ఛాయ కూడా తాగకుండా ఒకే జీపెక్కి వెళ్ళిపోయారు. నేను వాణ్ణి క్షమించలేదు. వాడు అడగనూ లేదు. జీపు మా మీద బురద చిమ్మి మలుపు తిరుగుతుంటే ఇద్దరం ఒకేసారి దాని వెనక ఉమ్మేశాం. వాడిది దూరం పడింది. ఈ ఒక్కదాంట్లో నేను ఏమీ కలపలేదు. కలిపేవాణ్ణయితే నాదే దూరం పడిందని రాసేవాణ్ణి.